నారద ప్రశ్నల నుంచి విరాటుని కొలువు దాకా: పనికి అర్థం, నాయకుని బాధ్యత

వ్యాససంగ్రహం:

ఉద్యోగి తన పనిలో అర్థాన్ని, ప్రయోజనాన్ని కనుగొనడంలో నాయకుని పాత్ర ఏమిటన్న ప్రశ్నను నేటి నిర్వహణశాస్త్రం విస్తృతంగా చర్చిస్తున్నది. ఈ ప్రశ్నకు సంబంధించి పక్కపక్కన పెట్టి చదవదగిన రెండు ఘట్టాలు మహాభారతంలో ఉన్నాయి. సభాపర్వంలో నారదుడు ధర్మరాజును పాలకునిగా నిలబెట్టి ప్రశ్నిస్తాడు. విరాటపర్వంలో అదే ధర్మరాజు మరొక రాజు కొలువులో భృత్యుడవుతాడు. మొదటి ఘట్టం నాయకుని బాధ్యతలను ప్రశ్నల రూపంలో నిర్దేశిస్తే, రెండవది ఆ బాధ్యతలు నెరవేరని కొలువులో పనిచేసేవారి అనుభవాన్ని చూపుతుంది. నాయకుడు భృత్యునికి అర్థాన్ని ప్రసాదించలేడనీ, అయితే జరిగిన పనిని తెలుసుకొని, చేసినవారిని పదుగురిలో గుర్తించి, అన్యాయం జరిగినప్పుడు అండగా నిలిచి ఆ అర్థాన్ని కాపాడగలడనీ ఈ ఘట్టాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మహాభారతం, నన్నయ, తిక్కన, నారద ప్రశ్నలు, ధౌమ్యుని బోధ, విరాటపర్వం, భృత్యుడు, నాయకత్వం, గుర్తింపు.

1. ఉపోద్ఘాతం:

ప్రాచీన కావ్యాలను నిర్వహణశాస్త్ర పాఠాలుగా చదవడం ఇటీవలి కాలంలో బాగా వ్యాపించింది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, శిక్షణ తరగతులు, ఉద్యోగుల కోసం ఏర్పాటు చేసే ఉపన్యాసాలు భారత, రామాయణాల నుంచి ఉదాహరణలు విరివిగా తీసుకుంటున్నాయి. కావ్యం కొత్త పాఠకులను చేరుకోవడం సంతోషించదగిన పరిణామమే. అయితే ఈ పఠనంలో రెండు లోపాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది, ఒక మాటను దాని సందర్భం నుంచి వేరుచేసి సూక్తిగా మార్చడం. రెండవది, పనిలో అర్థం లోపించిందంటే ఆ లోపం ఉద్యోగి మనస్సులోనే ఉందని ముందుగానే నిర్ణయించుకోవడం. ఉద్యోగి దృక్పథం మారితే పని దానంతట అదే సార్థకమవుతుందని చెప్పే ప్రసంగాలకు కర్మయోగం మొదలుకొని అనేక విషయాలు ఆధారాలుగా వినియోగమవుతున్నాయి.

భారతాన్ని సమగ్రంగా చదివితే ఇందుకు భిన్నమైన దృష్టి లభిస్తుంది. కొలువు, ప్రభువు, భృత్యుడు అనే మూడింటి సంబంధాన్ని భారతం ప్రభువు వైపు నుంచీ, భృత్యుని వైపు నుంచీ పరిశీలించింది. తెలుగులో ఈ రెండు పార్శ్వాలు ఇద్దరు కవుల చేతుల్లో రూపొందడం మరొక విశేషం. నారద ప్రశ్నలున్న సభాపర్వాన్ని 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానకవి నన్నయ తెలుగు చేశాడు. కొలువు జీవితాన్ని చిత్రించే విరాటపర్వాన్ని 13వ శతాబ్దిలో నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి వద్ద మంత్రిగా ఉన్న తిక్కన రచించాడు. ఇద్దరూ రాజాశ్రయంలో ఉన్నవారే. కొలువు అంటే ఏమిటో ఇద్దరికీ ప్రత్యక్షానుభవం ఉంది.

ఈ వ్యాసంలో కథాంశాల వివరాలకు వ్యాసభారతం ప్రధానాధారం. తెలుగు కవుల ప్రత్యేకత ఉన్నచోట దానిని విడిగా పేర్కొనడం జరిగింది.

2. భృత్యుడు అనే పదం:

చర్చకు ముందు ఒక పదాన్ని పరిశీలించాలి. భృత్యుడు, భృతి, భర్త అనే మూడు పదాలూ భరించడం, పోషించడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వచ్చాయి. భృత్యుడు భరింపదగినవాడు. భర్త భరించేవాడు. వ్యాసభారతంలో నారదుడు జీతాల సంగతి మాట్లాడేటప్పుడు యజమానిని సూచించడానికి ‘భర్త’ అనే పదాన్నే వాడాడు. భృతి అనే పదం నేటికీ నిరుద్యోగ భృతి వంటి ప్రయోగాలలో మన వ్యవహారంలో నిలిచి ఉంది.

నేటి వాడుకలో భృత్యుడు అంటే సేవకుడనే హీనార్థం స్థిరపడింది. పదనిర్మాణాన్ని గమనిస్తే అందులో ప్రధానమైన అంశం సేవ చేసేవాని లోకువ కంటె పోషించేవాని బాధ్యత. ప్రభువు భరించకపోతే ఇతడు భృత్యుడన్న మాటకే అర్థం ఉండదు. నారద ప్రశ్నలన్నింటికీ ఈ భావన పునాది.

3. నారద ప్రశ్నలు - పరీక్ష ఎవరికి?

మయుడు నిర్మించిన సభలో ధర్మరాజు కొలువుతీరి ఉండగా నారదుడు వస్తాడు. రాజ్యం కొత్తది, సభ కొత్తది, ప్రభువు ఉత్సాహంతో ఉన్నాడు. ఆ సమయంలో నారదుడు ఆశీర్వచనంతో సరిపెట్టకుండా సుదీర్ఘమైన ప్రశ్నావళి వేస్తాడు. రాజనీతిని ఉపదేశంగా చెప్పే అవకాశం ఉన్నప్పటికీ ఇక్కడ ప్రశ్నరూపం ఎంచుకోవడం గమనార్హం. ఉపదేశం విన్న రాజు తల ఊపి ఊరుకోవచ్చు. ప్రశ్న విన్న రాజు తాను చేశాడో లేదో మనసులోనైనా జవాబు చెప్పుకోవాలి.

వాటిలో భృత్యులకు సంబంధించినవాటిని వేరుచేసి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. పనులకు తగిన మనుషులను నియమిస్తున్నావా? లోభులను, దొంగలను, శత్రుపక్షం వారిని కార్యాలలో నియోగించడం లేదు కదా? సైన్యానికి భోజనం, వేతనం తగిన సమయానికి ఇస్తున్నావా, ఆలస్యం చేయడం లేదు కదా? ఈ ప్రశ్నకు వెంటనే హేతువు కూడా జోడించబడింది. జీతం కాలాతిక్రమణమైతే దారిద్ర్యం వల్ల భృత్యులు యజమానిపై కోపగిస్తారనీ, అది గొప్ప అనర్థమనీ నారదుడు హెచ్చరిస్తాడు. తన ప్రయత్నంతో పనికి శోభ తెచ్చినవానికి అధికమైన గౌరవమో, వేతనమో లభిస్తున్నదా? నీకోసం ప్రాణాలు విడిచినవారి, ఆపదల పాలైనవారి భార్యలను పోషిస్తున్నావా? శిల్పులకు సామగ్రిని, ఉపకరణాలను నాలుగు నెలలకు తగినట్లు సమకూరుస్తున్నావా? హితం కోరే సమర్థులను ముందుగా దోషం నిర్ధారించకుండా పదవుల నుంచి తొలగించడం లేదు కదా?

ఈ ప్రశ్నలలో క్రియకు కర్త ప్రతిచోటా రాజే. ఇవ్వడం, నియమించడం, తెలుసుకోవడం, పోషించడం అన్నీ అతని పనులే. భృత్యుల అనురక్తిని గురించిన ప్రశ్న కూడా ఉంది. ప్రధానులైన వారందరూ నీయందు అనురక్తులై ఉన్నారా, నీకోసం యుద్ధంలో ప్రాణాలివ్వడానికి సిద్ధమేనా అని నారదుడు అడుగుతాడు. అయితే ఆ ప్రశ్న వచ్చే స్థానం ముఖ్యమైనది. వేతనం సకాలంలో ఇస్తున్నావా అన్న ప్రశ్న, ఆలస్యమైతే వచ్చే అనర్థం గురించిన హెచ్చరిక ముగిసిన తరువాతనే అనురక్తి ప్రస్తావన వస్తుంది. జీతం ఇవ్వని ప్రభువుకు భక్తిని అడిగే అర్హత లేదన్నది ఈ వరుస ధ్వనింపజేస్తున్న విషయం.

అన్నింటిలోనూ ప్రస్తుతాంశానికి అత్యంత సన్నిహితమైనది గుర్తింపును గురించిన ప్రశ్న. జరిగిన పనిని తెలుసుకొని, చేసినవానిని సజ్జనుల మధ్య ప్రశంసించి, సత్కరిస్తున్నావా అన్నది దాని సారం. నన్నయ కూడా దీనిని ప్రత్యేకంగా ఒక కందపద్యంలో నిలిపాడు. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది పనిని ఎరగడం. రెండవది ఆ పనికి కర్త ఎవరో సభలో చెప్పడం. మూడవది తగిన సత్కారం. మొదటి మెట్టు లేకుండా మిగిలిన రెండూ సాధ్యం కావు. పని ఏమిటో తెలియకుండా చేసే ప్రశంస ముఖస్తుతి అవుతుంది, లేదా అనర్హునికి చేరుతుంది. విరాటుని కొలువులో జరిగింది సరిగ్గా ఇదే.

4. జూదం - భృత్యుల లెక్క:

నారద ప్రశ్నలకు ధర్మరాజు వినయంగా సమాధానం చెప్పాడు. యథాశక్తి ఆ మార్గంలోనే నడుస్తున్నానన్నాడు. అయితే అదే పర్వంలో, ద్యూతసభలో, అతడు ధనంతో పాటు వేలకొలది దాసీజనాన్ని, దాసులను పణంగా ఒడ్డాడు. పణం ఒడ్డుతూ వారి నైపుణ్యాలను, సేవానిష్ఠను ధర్మరాజు స్వయంగా వర్ణించడం ఇక్కడ కలవరపరిచే అంశం. వారి పని విలువ అతనికి తెలుసు. అయినా ఆ విలువ వారి గౌరవంగా మారకుండా పణం వెలగా మారింది. తరువాత తమ్ములు, తాను, చివరకు ద్రౌపది.

నాయకుని జ్ఞానం అతని ఆచరణకు హామీ కాదని ఈ ఘట్టం చెబుతున్నది. ప్రశ్నలన్నింటికీ సరైన జవాబులు చెప్పగలిగిన పాలకుడే తనను నమ్ముకున్నవారిని ఒక పాచికల ఆటకు వదిలేశాడు. ఆ తరువాత పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో అతడు కొలువు అనే వ్యవస్థను కింది నుంచి చూడవలసి వచ్చింది. సభాపర్వాన్ని, విరాటపర్వాన్ని కలిపి చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది. ప్రశ్నలు వేయించుకున్న ప్రభువే ఆ ప్రశ్నల విలువను భృత్యునిగా అనుభవించాడు.

5. పనిని ఎంచుకోవడం:

విరాటపర్వం ప్రారంభంలో ఒక సంభాషణ ఉంది. మత్స్యదేశంలో తలదాచుకోవాలని నిర్ణయించిన తరువాత ధర్మరాజు తన తమ్ములను ఒక్కొక్కరినే నువ్వు ఏ పని చేస్తావని అడుగుతాడు. ఎవరికీ పనిని తానుగా నిర్ణయించడు. భీముడు వంటశాలను, అర్జునుడు అంతఃపుర కన్యలకు నృత్యగీతాలు నేర్పడాన్ని, నకులుడు అశ్వశాలను, సహదేవుడు గోసంరక్షణను ఎంచుకుంటారు. ఏ పనికీ అలవాటుపడని ద్రౌపది ఏం చేయగలదని ధర్మరాజు దిగులుపడితే, తాను సైరంధ్రిగా ఉంటానని ఆమె తానే చెబుతుంది.

తెలుగు పాఠకునికి కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, మాలిని అనే పేర్లతో పరిచితమైన ఈ ఆరుగురూ తమ నేర్పుకు తగిన పనులలో కుదిరారు. నకులునికి గుర్రాలపై, సహదేవునికి గోవులపై ఉన్న ప్రేమ వేషం కాదు. వారి పేర్లు మారాయి గాని నైపుణ్యాలు మారలేదు. అజ్ఞాతవాసంలో వారిని నిలబెట్టినవి రెండు: చేసే పని తాము ఎంచుకున్నది కావడం, ఆ పని వెనుక తమదైన ప్రతిజ్ఞ ఉండటం. ఈ రెంటిలో దేనినీ విరాటుడు ఇవ్వలేదు. వారి పనికి అర్థం కొలువులోకి అడుగుపెట్టక ముందే వారి వద్ద ఉంది. జూదంలో తమ్ములను అడగకుండా పణం పెట్టిన ధర్మరాజు ఇప్పుడు వారిని అడగడం అతనిలో వచ్చిన మార్పుకు సూచనగా భావించవచ్చు.

6. ధౌమ్యుని బోధ - భృత్యుని జాగ్రత్తలు:

కొలువులో చేరబోయే పాండవులకు పురోహితుడైన ధౌమ్యుడు సేవాధర్మాలను బోధిస్తాడు. తిక్కన విరాటపర్వం ప్రథమాశ్వాసంలో ఈ భాగం తెలుగునాట విశేష ప్రచారం పొందింది. రాజు ఇంటికంటె అందంగా తన ఇల్లు కట్టుకోరాదు. ఆవలింత, తుమ్ము, నవ్వు వంటివి సైతం గుట్టుగా కానిచ్చుకోవాలి. వ్యాసభారతంలోని ధౌమ్యుడు అడగనిదే రాజుకు సలహా చెప్పరాదని, రాజుకు ప్రియుడనని గర్వించరాదని, మరొకరిని పనికి పిలిచినప్పుడు నేనేం చేయాలంటూ ముందుకు వచ్చేవాడే రాజగృహంలో నిలుస్తాడని అంటాడు.

ఈ బోధను విధేయతా పాఠంగా ప్రచారం చేయడం పరిపాటి. సందర్భాన్ని గమనిస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. ధౌమ్యుడు మాట్లాడుతున్నది ప్రాణభయంతో దాగి ఉండవలసిన వారితో. ఏ చిన్న పొరపాటు జరిగినా మరల అరణ్యవాసం తప్పదు. అందువల్ల ఇది ఆదర్శ ఉద్యోగిని తీర్చిదిద్దే బోధ కంటె, అధికారం ఎంత ప్రమాదకరమో ఎరిగినవాని హెచ్చరికగా చదవడం సమంజసం. రాజును నిప్పుతో పోల్చే సంప్రదాయం ఈ బోధలోనూ ఉంది. తానే మంత్రిగా కొలువులో మెలగిన తిక్కన చేతిలో ఈ వివరాలకు అంతటి జీవం రావడం ఆశ్చర్యం కాదు.

నారద ప్రశ్నలను, ధౌమ్యుని బోధను తులనాత్మకంగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. నారదుడు చెప్పిన విధంగా ప్రభువు నడుచుకునే కొలువులో ధౌమ్యుడు చెప్పిన జాగ్రత్తలలో అధికభాగం అవసరమే ఉండదు. భృత్యుడు తన నవ్వును కూడా దాచుకోవలసి వస్తున్నదంటే అక్కడ నారదుని ప్రశ్నలకు జవాబులు దొరకలేదని అర్థం. నేటి శిక్షణ తరగతులు ధౌమ్యుని బోధను ఉద్యోగులకు వినిపిస్తున్నంతగా నారద ప్రశ్నలను అధికారులకు వినిపించడం కనిపించదు.

7. విరాటుడు - పనిని మెచ్చి మనిషిని విడిచిన ప్రభువు:

విరాటుడు దుష్టుడు కాడు. కొత్తగా వచ్చిన కంకుభట్టును తనతో సమానంగా ఆదరించాడు. వలలుని చూసి వంటవానిలా లేవని సందేహించినా కోరిన పని ఇచ్చాడు. సుశర్మ చేతిలో చిక్కిన తనను విడిపించినందుకు కృతజ్ఞతతో తన సంపదనంతా వారిదేనన్నాడు. ఉదారుడైన ఇటువంటి ప్రభువు రెండు సందర్భాలలో ఘోరంగా విఫలమయ్యాడు. ఆ వైఫల్యాల కారణాలు వేరువేరు.

మొదటిది కీచకుని ఘట్టం. కీచకుడు నిండుసభలో రాజు చూస్తుండగా సైరంధ్రిని తన్నాడు. ఆమె న్యాయం కోరింది. చాటున మీ ఇద్దరి మధ్య జరిగిన తగవు నాకు తెలియదన్నాడు విరాటుడు. కీచకుడు అతని బావమరది, సేనాపతి. సైనిక వ్యవహారాలన్నిటినీ శాసనాన్ని మీరిన ఒకే ఒక్కడు తన ఇష్టం వచ్చినట్లు నడిపించడం లేదు కదా అని వ్యాసభారతంలో నారదుడు అడిగిన ప్రశ్నకు కీచకుడే సజీవమైన ఉదాహరణ. కీచకుని విషయంలో నువ్వు రాజువలె ప్రవర్తించడం లేదని ద్రౌపది విరాటుని సభలోనే నిందించింది. భయపడిన ప్రభువు కళ్లముందు జరిగినదానిని కూడా చూడలేడు.

ఆ రాత్రి ఆమె భీమునితో చెప్పుకున్న దుఃఖంలో ఒక చిన్న వివరం ఉంది. గంధం నూరి నూరి కాయలు కాచిన తన చేతులను అతనికి చూపుతుంది. ఇతరులు నూరిన గంధం మత్స్యరాజుకు నచ్చదని కూడా చెబుతుంది. ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె పనితనం రాజుకు కావాలి. దానిని మించిన పనితనం ఆ కొలువులో మరొకరికి లేదని కూడా అతనికి తెలుసు. కాని ఆ చేతులు గల మనిషిని కాపాడవలసి వచ్చేసరికి అతనికి ఏమీ తెలియకుండా పోయింది. పనిని మెచ్చుకోవడం, చేసేవారిని గౌరవించడం రెండూ ఒకటి కావని ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం. చివరకు ఆమెకు న్యాయం సభలో దొరకలేదు. నర్తనశాలలో, చీకటిలో, భీముని చేతుల మీదుగా దొరికింది. వ్యవస్థ న్యాయం చేయనప్పుడు భృత్యుల విశ్వాసం వ్యవస్థకు వెలుపలికి పోతుంది. విరాటుని కొలువులో ఆ రాత్రి జరిగినది అదే.

రెండవది ఉత్తరగోగ్రహణం తరువాతి ఘట్టం. కౌరవసేన ఓడిపోయిందన్న వార్త వచ్చింది. కొడుకు గెలిచాడని విరాటుడు పొంగిపోయి నగరాన్ని అలంకరింపజేసి కంకుభట్టుతో పాచికలాడుతున్నాడు. అతడు కొడుకును పొగిడిన ప్రతిసారీ, బృహన్నల సారథిగా ఉండగా గెలవకపోవడం ఎలా సాధ్యమని కంకుభట్టు అన్నాడు. ఒక నపుంసకుని తన కొడుకుతో సమానం చేస్తావా అని కోపించిన విరాటుడు పాచికను అతని ముఖాన విసిరాడు. ముక్కు నుంచి రక్తం కారింది. అది నేల మీద పడకముందే సైరంధ్రి పాత్రలో పట్టింది. ఇక్కడ రాజును గుడ్డివానిని చేసింది పుత్రప్రేమ. పనిని ఎరగడం అనే మొదటి మెట్టే తప్పిపోయింది కనుక ప్రశంస చేయనివానికి చేరింది. చేసినవారి పేరు చెప్పిన భృత్యునికి దెబ్బ దక్కింది. కొలువులో నిజం పలికినందుకు లభించే ప్రతిఫలం ఇదైతే, ధౌమ్యుడు అడగనిదే మాట్లాడవద్దని ఎందుకు చెప్పాడో తెలుస్తుంది.

8. బృహన్నల, ఉత్తరుడు - పనిలో అర్థం కలిగించిన నాయకత్వం:

విరాటుని వైఫల్యానికి ప్రతిగా అదే పర్వంలో ఒక సఫల నాయకత్వం ఉంది. అది సింహాసనం మీద లేదు. రథం నొగల మీద ఉంది. అంతఃపురంలో స్త్రీల ముందు ప్రగల్భాలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే రథం దిగి పారిపోయాడు. అధికార క్రమంలో అతడు రాకుమారుడు, బృహన్నల సారథి. అయినా సారథి వెంటపడి పట్టుకున్నాడు. బంగారం ఇస్తాను, విడిచిపెట్టమని ఉత్తరుడు ప్రాధేయపడ్డాడు.

అప్పుడు అర్జునుడు చేసినది పరిశీలించదగినది. ఉత్తరునికి ధైర్యాన్ని గురించి ఉపన్యాసం చెప్పి యుద్ధంలోకి తోయలేదు. యుద్ధం చేయలేకపోతే నా గుర్రాలను తోలు, పోరు నేను చూసుకుంటానన్నాడు. భయపడిన మనిషికి అతడు చేయగలిగిన, నిజంగా అవసరమైన పని చూపాడు. సారథ్యం లేకుండా రథం కదలదు. కనుక ఆ పని నామమాత్రం కాదు. తరువాత శమీవృక్షం వద్ద ఆయుధాలను దింపించి, అవి ఎవరివో చెప్పి, తానెవరో తెలియజేశాడు. తన పది పేర్లను, వాటి కారణాలను వివరించి అనుమానం తీర్చాడు. ఎవరితో కలిసి, దేనికోసం పనిచేస్తున్నాడో పనివానికి తెలిసేలా చేశాడు. ఆ తరువాత ఉత్తరుడు పారిపోలేదు.

విజయం అనంతరం ఆ గెలుపు నీదేనని తండ్రికి చెప్పమని అర్జునుడు సూచించాడు. రహస్యం కాపాడుకోవడానికి అది అవసరం. అయితే ఉత్తరుడు ఆ ఘనకార్యం తనకు సాధ్యమయ్యేది కాదని అన్నాడు. సభలో తండ్రి పొగుడుతుండగా గోవులను నేను గెలవలేదు, ఒక దేవపుత్రుడు గెలిచాడని ప్రకటించాడు. కంకుని ముఖాన రక్తాన్ని చూసి తండ్రి చేత క్షమాపణ చెప్పించాడు. ఉదయం స్త్రీల ముందు బడాయి చెప్పుకున్న యువకుడు సాయంత్రానికి, దొరికిన ప్రశంసను వదులుకోగల స్థితికి వచ్చాడు. తన పనేమిటో, ఇతరుని పనేమిటో తెలిసినవానికి దొంగ ప్రశంస అవసరం లేదు. నారదుడు పాలకుని అడిగిన ప్రశ్నకు ఆ కొలువులో జవాబు చెప్పినవాడు విరాటుడు కాదు, ఉత్తరుడు.

9. ఆధునిక పరిశోధన - పఠన పరిమితులు:

ఈ విశ్లేషణకు ఆధునిక అధ్యయనాలతో కొంత సామ్యం ఉంది. పని రూపకల్పనపై రిచర్డ్ హ్యాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1976లో ప్రకటించిన సిద్ధాంతం పనిలో అర్థం కలగడానికి మూడు లక్షణాలను పేర్కొన్నది. వివిధ నైపుణ్యాలు వినియోగపడటం, పనిని మొదటి నుంచి చివరి వరకు ఒక పూర్ణరూపంగా చేయగలగడం, ఆ పని ఇతరుల జీవితాలపై ప్రభావం చూపడం. ఈ మూడూ పని స్వభావానికి చెందినవి. వాటిని మార్చగలిగేది పనిని రూపొందించే అధికారి. 2001లో ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ ఉద్యోగులు తమ పనిని తామే మలచుకునే తీరును సిద్ధీకరించారు. ఆసుపత్రిలో శుభ్రతా పనులు చేసేవారిలో కొందరు తమను రోగుల స్వస్థతలో భాగస్వాములుగా భావించుకోవడం వారు చూపిన ఉదాహరణలలో ఒకటి.

ఈ రెండవ అధ్యయనాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. పనిలో అర్థం వెతుక్కునే శక్తి కార్మికునికి ఉందన్నది నిజం. పాండవుల అజ్ఞాతవాసం కూడా అదే చెబుతున్నది. కాని ఆ శక్తి ఉంది గనుక జీతం, భద్రత, గౌరవం తరువాత చూడవచ్చనే వాదానికి దానిని ఉపయోగించడం అన్యాయం. సైరంధ్రి తన పనిని ఎంత అర్థవంతంగా భావించుకున్నా సభలో తగిలిన తాపు మానదు. నెలల తరబడి వేతనం అందని తాత్కాలికోద్యోగికి పనిలోని పరమార్థాన్ని బోధించడం నారదుని ప్రశ్నల వరుసను తలకిందులు చేయడమే.

అదే సమయంలో భారతంలోని పరిమితులనూ గుర్తించాలి. నారదుడు ఉత్తములను ఉత్తమ కార్యాలలో, మధ్యములను మధ్యమ కార్యాలలో, అధములను అధమ కార్యాలలో నియమించావా అని అడుగుతాడు. మనుషులను, పనులను ఇలా తరగతులుగా విభజించే దృష్టిని నేటి ప్రజాస్వామిక సమాజం యథాతథంగా స్వీకరించలేదు. అంతేకాక నారద ప్రశ్నలన్నిటికీ గమ్యం రాజ్యస్థైర్యం. భృత్యుడు సంతోషంగా ఉండాలన్నది రాజు క్షేమానికి సాధనంగానే చెప్పబడింది. జూదంలో పణమైన దాసీజనం పేర్లు కావ్యంలో లేవు. వారి మాట వినిపించదు. ఈ మౌనాన్ని గమనించకుండా భారతాన్ని నేటి కార్యాలయాలకు ఆదర్శంగా చూపడం సరికాదు. కావ్యం ఇచ్చేది నమూనా కంటె ఎక్కువగా ప్రశ్నలను.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు నిర్ధారణ అవుతున్నాయి.

మొదటిది, పనికి అర్థం నాయకుడు ప్రసాదించేది కాదు. అది పనిచేసేవారి నైపుణ్యం, ఎంపిక, సంకల్పాల నుంచి పుడుతుంది. పాండవులు దానిని తమతో తెచ్చుకున్నారు.

రెండవది, ఆ అర్థాన్ని నాయకుడు కాపాడగలడు, ధ్వంసం చేయగలడు. సకాలంలో వేతనం, తగిన పని, పనిముట్లు, అకారణంగా తొలగించకపోవడం, ఆశ్రితుల పోషణ అన్నవి నారదుడు అడిగిన కనీస ధర్మాలు. అనురక్తిని ఆశించే హక్కు వీటి తరువాతనే.

మూడవది, గుర్తింపు జ్ఞానంతో మొదలవుతుంది. భయం వల్ల కీచకుని దోషాన్ని, ప్రేమ వల్ల బృహన్నల ఘనతను చూడలేని విరాటుడు ఔదార్యం ఉన్నా విఫలుడయ్యాడు. చేయగలిగిన పని చూపి, దాని ప్రయోజనం వివరించి, పక్కన నిలిచిన బృహన్నల అధికారం లేకపోయినా నాయకుడయ్యాడు.

నాలుగవది, ధౌమ్యుని బోధను ఉద్యోగులకు చెప్పే ప్రతి వేదికపై నారద ప్రశ్నలను అధికారులకు చదివి వినిపించవలసి ఉంది. ఒకటి లేకుండా మరొకటి చెబితే భారతాన్ని సగమే చదివినట్లవుతుంది. విరాటుని సభలో నేల మీద పడకుండా సైరంధ్రి పట్టిన రక్తం, చేసినవారి పేరు చెప్పినందుకు ఒక ఉద్యోగి చెల్లించిన మూల్యం. ఆ మూల్యం ఎవరూ చెల్లించనవసరం లేని కొలువును ఏర్పరచడమే నాయకుని మొదటి పని.